మలాశయంలో చిన్న కణితి: బ్యాండు వేసి తీయడమా, ఈఎస్‌డీయా?

అమలాపురంలోనో భీమవరంలోనో మొలలనుకుని కొలనోస్కోపీ చేయించుకున్నవారిలో ఎవరో ఒకరి రిపోర్టులో అనుకోని మాట కనబడుతుంది: మలాశయంలో 7 మిల్లీమీటర్ల న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే కణితి). ‘ట్యూమర్’ అనగానే ఇంట్లో వంట ఆగిపోతుంది, రాజమండ్రిలో హైదరాబాదు వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కడానికి టిక్కెట్లు వెతుకుతారు. అంత కంగారు అక్కర్లేదు. సెంటీమీటరు లోపు ఉండి, కండరపు పొరలోకి దిగకుండా, కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే కేఐ-67 సూచిక 3 శాతం లోపుంటే అది లింఫు గ్రంథులకు పాకే అవకాశం చాలా తక్కువ. ఎండోస్కోపీతో తీస్తే సరిపోతుంది. బ్యాండు వేసి తీయాలా, ఈఎస్‌డీ (ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్) చేయాలా అన్నదే ప్రశ్న.

మామూలు పాలిప్‌లా వైరు ఉచ్చు బిగించి కోసేయడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. ఈ కణితి పైపొర అడుగున పుట్టి సబ్‌మ్యూకోసాలోకి, అంటే దాని కింది పొరలోకి, దిగుతుంది. వరిచేలో తుంగను పైన పట్టి పీకితే గడ్డ మట్టిలో మిగిలినట్టే, దీని అడుగుభాగం లోపలే ఉండిపోతుంది. నున్నగా, లేత పసుపు రంగులో, కదిపితే గట్టిగా తగిలే బుడిపె కనబడితే డాక్టరు చెయ్యి అక్కడే ఆగాలి. ముందు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండుతో లోతు చూడాలి.

బ్యాండు పద్ధతిలో అడుగున సెలైన్ ఎక్కించి, కణితిని గొట్టం కొసనున్న టోపీలోకి పీల్చి, దాని మొదలు దగ్గర రబ్బరు బ్యాండు బిగిస్తారు. ఆ బ్యాండు కింద ఉచ్చు వేసి కోస్తారు. అందువల్ల అడుగు పొర కూడా కలిసి వస్తుంది. లివరు జబ్బుతో రక్తం కక్కేవారికి అన్నవాహికలో వేసేదీ ఇలాంటి బ్యాండే. కాబట్టి పరికరం అరుదైనది కాదు, పని నిమిషాల్లో ముగుస్తుంది.

ఈఎస్‌డీలో సన్నని విద్యుత్ కత్తితో చుట్టూ గీసి, సబ్‌మ్యూకోసాను కొద్దికొద్దిగా విడదీస్తూ ముక్క మొత్తం తీస్తారు. అంచులు డాక్టరు చేతిలో ఉంటాయి. కానీ సమయం ఎక్కువ, ఖర్చు ఎక్కువ, పేగుకు చిల్లు పడే భయమూ ఎక్కువ. చెయ్యి తిరిగినవారే చేయాలి.

సెంటీమీటరు లోపు కణితికి నా ఓటు బ్యాండుకే. మొత్తంగా తీసివేయడంలో అది ఈఎస్‌డీకి దాదాపు సమానమే. పెద్ద ఊరి పేరు చూసి ఈఎస్‌డీకి పరిగెత్తడం డబ్బు దండగ. సెంటీమీటరు దాటితే టోపీలో పట్టదు, అప్పుడు ఈఎస్‌డీయే మేలు. అయితే 1 నుంచి 2 సెంటీమీటర్ల మధ్య ఎంఆర్ఐలో గ్రంథులు కూడా చూడనిదే ఎవరూ తొందరపడకూడదు. 2 సెంటీమీటర్లు దాటితే సాధారణంగా సర్జన్ దగ్గరకే వెళ్లాలి.

ఇదివరకే ఉచ్చుతో కోసేసి, బయాప్సీలో కింది అంచున కణితి మిగిలిందని వస్తే లెక్క మారుతుంది. మచ్చ గట్టిపడిన చోట బ్యాండులోకి కణజాలం సరిగా లేవదు. అక్కడ ఈఎస్‌డీ గానీ, గోడ మొత్తం మందాన క్లిప్పు వేసి కోసే ఫుల్ థిక్‌నెస్ పద్ధతి గానీ కావాలి. గౌతమి టిక్కెట్టు తీసుకోవలసింది అప్పుడు. పాత ఫొటోలు, బయాప్సీ బ్లాకు (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మ) వెంట ఉండాలి.