కుండ మంచిదే, పేచీ అంతా కుళాయితోనే

నాలుగు వేసవులుగా మా ఇంట్లో కుళాయి బిగించిన మట్టి కుండ వాడుతున్నాం. కుండ నీళ్లు హాయిగా ఉంటాయనీ, ఫ్రిజ్ నీళ్లలా గొంతు పట్టవనీ గుంటూరు వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. నాకు కసి ఉన్నది కుళాయి మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కుండ గోడకు లోపలి వైపు అంటి ఉండే రూపాయి బిళ్లంత రబ్బరు వాషరు మీద.

కుళాయి కుండే ఎందుకంటే మా అత్తగారి కోసం. ఆవిడ మోకాళ్లు వంగవు, ముంతతో ముంచుకోవడం కష్టం. బ్రాడీపేటలో రోడ్డు పక్కన కుండలు పెట్టుకుని కూర్చున్నాయన దగ్గర కొన్నాం. వేలి కణుపుతో తడితే ఖంగుమంది. రెండు రోజులు నీళ్లు పోసి పారబోశాం, మూడో రోజు నుంచి తాగాం. ఆ వేసవంతా నేను దాన్ని పొగడని రోజు లేదు. నా మాట విని మా అపార్ట్‌మెంటులో ఇంకో రెండు ఇళ్ల వాళ్లు కొన్నారు. వాళ్లకు ఇప్పుడు మెట్ల మీద ఎదురుపడితే కాస్త తొందరగా నడుస్తాను.

రెండో ఏడు మే నెలలో ఆవకాయ పెట్టాలనుకున్నాం. మిరపకాయలకు కొదవలేని ఊరు కదా, అత్తగారు బజారు కారం ఇంట్లోకి రానివ్వరు. కాయలు తెచ్చి, మేడ మీద ఎండబెట్టి, తొడిమలు తీసి, మిల్లుకు తీసుకెళ్లి దగ్గరుండి ఆడించారు. మూడు కిలోల కారం. పొద్దున్నే కలపాలి కాబట్టి వెడల్పాటి బేసినులో పోసి, పైన పాత ధోవతి కప్పి, వంటింట్లో చల్లగా ఉండే మూల చూసి పెట్టాం. చల్లగా ఉండే మూల అంటే ఏదో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కుండ స్టాండు కింద.

తెల్లవారుజామున నాలుగున్నరకు అత్తగారు లేచారు. "అమ్మాయ్, లే! ఇంట్లో ఎవరికో దెబ్బ తగిలినట్టుంది, నెత్తురు!" అని కేక. పరుగెత్తుకొచ్చి చూస్తే వంటింటి గడప దాటి హాల్లో సోఫా కాలు దాకా ఎర్రటి ధార. వాసన ముక్కుకు తగిలాక గానీ అది నెత్తురు కాదని తెలియలేదు. రాత్రి పడుకునే ముందు నిండా నింపిన కుండలో కుళాయి మట్టానికి పైన చుక్క లేదు. పన్నెండు లీటర్ల కుండ, సగానికి పైగా కారంలోకి దిగి, బేసిను నిండి పొంగింది.

తరవాతి రెండు గంటల సంగతి తలచుకోను. ఇంటిల్లిపాదికీ దగ్గులు, తుమ్ములు. నేను తెలివితక్కువగా ఉత్త చేతులతో గుడ్డ పిండాను. ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా మంట పోలేదు, కారపు మంట నూనెకు లొంగుతుంది గానీ నీళ్లకు లొంగదు. చివరికి ఆవకాయకని తెచ్చిన నువ్వుల నూనెలోంచే గరిటెడు తీసి చేతులకు రాసుకున్నాను. రెండు రోజులు చెంచాతో అన్నం తిన్నాను. మామిడికాయలేమో అప్పటికే బకెట్లో నానుతున్నాయి, ఆపే వీలు లేదు. ఆ ఏడు బజారు కారంతోనే ఆవకాయ పెట్టాం. సంక్రాంతికల్లా నల్లబడింది. జాడీ మూత తీసినప్పుడల్లా అత్తగారు ఏమీ అనేవారు కాదు, కుళాయి వైపు ఒకసారి చూసేవారు, అంతే.

తప్పు ఎక్కడుందో విప్పి చూస్తే తెలిసింది. కుండ గోడ వంపు తిరిగి ఉంటుంది, వాషరేమో బల్లపరుపు. రెండూ పూర్తిగా అతకవు. పైగా గ్లాసు పట్టిన ప్రతిసారీ కుళాయిని అటూ ఇటూ తిప్పుతాం, దానితో లోపలి మర కొంచెం కొంచెంగా వదులవుతుంది. పోనీ గట్టిగా బిగిద్దామంటే మట్టి పగులుతుంది. మొదటి కుండ అలాగే పోయింది, బిగించింది మా వారు. ఇప్పుడు వాషరు స్థానంలో సైకిలు ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి రెండు పొరలుగా వేస్తున్నాం. మెత్తగా ఉంటుంది కాబట్టి వంపుకు తగ్గట్టు సర్దుకుంటుంది. కారడం తగ్గింది. ఆగిందని మాత్రం అనను.

మూడో ఏడు బుద్ధి గడ్డి తిని రంగులు వేసిన కుండ కొన్నాను, నిగనిగలాడే నీలం మీద పసుపు పువ్వులు. కుళాయి చక్కగా పనిచేసింది. నీళ్లే చల్లబడలేదు. కుండ ఒంట్లోంచి ఊరిన చెమ్మ ఆవిరైతేనే కదా చల్లదనం! ఒక్క లీటరు ఆవిరి కావడానికి దాదాపు 580 కిలో కేలరీల వేడి కావాలి, అందులో చాలా భాగం లోపలి నీటి నుంచే లాక్కుంటుంది. రంగు పూస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. ఇప్పుడది గొడుగులు పెట్టుకోవడానికి పనికొస్తోంది.

చల్లదనం గురించి నేను మొదట్లో అన్న మాటల్నీ కొంచెం సవరించుకోవాలి. రోహిణి కార్తెలో పడమటి గాలి ఈడ్చి కొట్టే రోజున ఈ నీళ్లకు సాటి లేదు. గాలి తిరిగి ఉక్కపోత మొదలైతే మాత్రం కుండ కూడా మనలాగే చెమట ఆరక నిలబడుతుంది. పైగా మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంటు. ఆ నీళ్లు పోస్తే ఒక్క వేసవికే కుండ పైన తెల్లటి ఉప్పు పొర కడుతుంది. కొబ్బరి పీచుతో తోమితే కొంత పోతుంది, సబ్బు మాత్రం తగలనివ్వకూడదు, మట్టి పీల్చేసుకుంటుంది. రెండో ఏటికి పాత చలవ రాదు, ఏటా కొత్తది కొనాల్సిందే. చీకటి మూల నుంచి తీసి వరండా కిటికీ పక్కన, నీడలో గాలి తగిలే చోట పెట్టాక తేడా బాగా తెలిసింది. ఇంతకాలం దాన్ని మూల పెట్టి తప్పు చేశాం, ఆ తప్పు కారాన్ని కూడా ముంచింది.

కొనవచ్చా అని ఎవరైనా అడిగితే మీ ఇంట్లో ఎవరున్నారని ఎదురు అడుగుతాను. వంగగలిగిన వాళ్లే అయితే కుళాయి లేని కుండ, పొడుగు కాడ గరిటె చాలు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే వాళ్లకు, కింది ఇంటి వాళ్లతో ముందే మాటలు లేని వాళ్లకు కుళాయి కుండ వద్దు. కిందటేడు మేమూ కుళాయి లేనిది తెచ్చాం. అత్తగారు వారం రోజులు చూసి, "కారినా అదే నయం, గ్లాసు కోసం ఒకర్ని పిలవక్కరలేదు" అన్నారు. మళ్లీ కుళాయిదే వచ్చింది. దాని కింద స్టీలు గిన్నె ఒకటి పెట్టాం, తెల్లారేసరికి అరగ్లాసు నీళ్లు పడుతున్నాయి. ఈ ఏడు కారం డబ్బా పడకగదిలో, బీరువా పైన ఉంది.