పల్లెకు తపాలా: ఊళ్లో బ్రాంచి, కొట్టు ఏజెంటు, మండలంలో సబ్ పోస్టాఫీసు – ఏది మేలు?

నష్టాల్లో ఉన్న బ్రాంచి పోస్టాఫీసులను మూసేయమనేవాళ్లు తపాలా శాఖ నిబంధనలను ఒకసారి చూడాలి. కొత్త బ్రాంచి తెరవాలంటే దాని రాబడి ఖర్చులో మూడో వంతు ఉంటే చాలు. కొండ, గిరిజన ప్రాంతాల్లోనైతే 15 శాతమే. అంటే నష్టం ముందే ఒప్పుకున్నది. ఆ డబ్బుకు ఊరికి ఏం దక్కుతోందన్నదే తేలాలి.

ముందు ఊళ్లోని బ్రాంచి సంగతి. ఇది అనుకున్నంత ఖరీదైనది కాదు. బ్రాంచిని నడిపే గ్రామీణ డాక్ సేవక్ (పూర్తికాలం కాని తపాలా ఉద్యోగి) పని రోజుకు నాలుగైదు గంటలే. ఆఫీసుకు చోటు కూడా బ్రాంచి పోస్టుమాస్టరే చూపించాలి. శాఖ ఇస్తున్నానని చెప్పుకునే రాయితీలో కొంత నిజానికి ఆ ఇంటి వరండాయే భరిస్తోంది! బదులుగా పొదుపు ఖాతా, ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధి, గ్రామీణ తపాలా జీవిత బీమా ఊళ్లోనే దొరుకుతాయి. 2018లో తపాలా శాఖ సొంత బ్యాంకు, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు వచ్చాక, వేరే బ్యాంకులో ఉన్న డబ్బు కూడా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. తెలంగాణ పల్లెల్లో ప్రభుత్వ పింఛనూ చాలామందికి పోస్టాఫీసు చేతుల మీదుగానే అందుతోంది. లోపమల్లా వేళలు. కూలికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి తలుపు మూసి ఉంటుంది. సిగ్నల్ లేని రోజు తెరిచి ఉన్నా లాభం లేదు.

కొట్టు ఏజెంటు, అంటే కమీషన్ మీద తపాలా పని చూసే దుకాణదారు, రాత్రి దాకా ఉంటాడు, శాఖకు కమీషన్ తప్ప ఖర్చు లేదు. కానీ ఫ్రాంచైజీ పద్ధతిలో అతని పని ప్రధానంగా స్టాంపులు అమ్మడం, ఉత్తరాలు బుక్ చేయడం. బట్వాడా అతనిది కాదు. చిన్న పల్లెలో ఆ కమీషన్ టీ ఖర్చుకైనా వస్తుందా అన్నది అనుమానమే. పట్టణ శివార్లకు సరిపోయే ఏర్పాటు ఇది.

బ్రాంచిని మండల కేంద్రంలోని సబ్ పోస్టాఫీసులో కలిపేస్తే శాఖ ఖర్చు తగ్గుతుంది, నిజమే. ఆ మేరకు భారం ఆటో చార్జీగా, పోయిన కూలిగా ఊరివాళ్ల మీద పడుతుంది. పింఛను కోసం ముసలివాళ్లు నెలనెలా ప్రయాణం కట్టాలి.

నా ఓటు బ్రాంచికే. పాడేరు, ఉట్నూరు వైపు కొండ గూడేలకైతే వేరే మాటే లేదు. మైదానంలో, మంచి రోడ్డు మీద దగ్గరదగ్గరగా రెండు బ్రాంచీలుంటే ఒక కౌంటరు తీసేయవచ్చు, బట్వాడా మాత్రం ఆపకూడదు. మిగిలిన కౌంటరును వారంలో కొన్ని రోజులైనా సాయంత్రం తెరవాలి. ఏది తీసేయాలో తేల్చడానికి రాబడి పట్టిక ఒక్కటే చాలదు. పింఛను ఇచ్చే రోజుల్లో అధికారులు అక్కడికి వెళ్లి, వచ్చినవాళ్లలో ఎందరు పక్క ఊరిదాకా నడవగలరో కూడా చూడాలి.