బిట్‌వార్డెనా, కీపాసా? ఫోన్ పోయిన రోజు ఏది తెరుచుకుంటుంది?

పాస్‌వర్డ్‌లన్నీ ఒకచోట దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ వాడమని ఎవరికి చెప్పినా తిరిగొచ్చే ప్రశ్న ఒకటే: బిట్‌వార్డెన్ మేలా, కీపాస్ మేలా? రెండూ ఓపెన్ సోర్సే. మామూలు వాడకానికి రెండింటికీ పైసా కట్టక్కర్లేదు. ఎన్‌క్రిప్షన్ సంగతిలో దేనికీ వంక పెట్టలేం. అందుకే ఫీచర్ల పట్టికలు చూసినవాళ్లు ఎటూ తేల్చుకోలేక, క్రోమ్ అడిగినప్పుడల్లా 'సేవ్' నొక్కుతూ ఉండిపోతారు.

ఆ పట్టికల్లో కనిపించని ప్రశ్న ఒకటుంది. బస్సులో ఫోన్ ఎవరో కొట్టేశారు. సిమ్ కూడా దాంతోనే పోయింది. కొత్త ఫోన్ కొన్నారు, అందులో ఏమీ లేదు. ఇప్పుడు మీకు గుర్తున్నదాంతో, ఇంట్లో ఉన్నదాంతో మాత్రమే మీ పాస్‌వర్డ్‌లన్నీ మళ్లీ చేతికొస్తాయా? ఏది మేలో తేల్చేది నా లెక్కలో ఇదే. ఎవడో హ్యాకర్ మీ వాల్ట్ (పాస్‌వర్డ్‌లన్నీ ఉండే పెట్టె) పగలగొట్టే ప్రమాదం కన్నా, తాళంచెవి లోపల పెట్టి మీరే బయట నిలబడిపోయే ప్రమాదం ఎక్కువ.

తేడా రెండు ముక్కల్లో: బిట్‌వార్డెన్‌లో మీ వాల్ట్ ఎన్‌క్రిప్ట్ అయ్యి వాళ్ల సర్వర్‌లో ఉంటుంది, ప్రతి పరికరంలోకీ ఒక కాపీ దిగుతుంది. కీపాస్ అంటే మీ దగ్గరుండే ఒక ఫైలు, కేడీబీఎక్స్ ఫార్మాట్‌లో. 2003లో విండోస్ కోసం మొదలైన కీపాస్ పద్ధతిని ఇప్పుడు చాలా యాప్‌లు పాటిస్తున్నాయి. కంప్యూటర్‌లో కీపాస్‌ఎక్స్‌సీ, ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్, ఐఫోన్‌లో కీపాసియం లేదా స్ట్రాంగ్‌బాక్స్. వీటన్నిటికీ కలిపి కింద కీపాస్ అనే అంటాను.

కొత్త ఫోన్‌లో ఏం జరుగుతుంది

బిట్‌వార్డెన్ యాప్ దింపుకుని ఈమెయిల్, మాస్టర్ పాస్‌వర్డ్ (వాల్ట్ తెరిచే ఆ ఒక్క పాస్‌వర్డ్) కొట్టారు. రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడగడం) పెట్టుకోకపోతే, కొత్త పరికరం కనబడగానే మీ ఈమెయిల్‌కు ఒక కోడ్ పంపుతుంది. 2025 నుంచి ఇది అమల్లో ఉంది. ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఎక్కడుంది? బిట్‌వార్డెన్‌లోనే. రెండంచెల లాగిన్ పెట్టుకుని ఉంటే కోడ్ ఇవ్వాల్సిన యాప్ పోయిన ఫోన్‌లో ఉంది. సరే, ముందు జీమెయిల్ తెరుద్దాం అంటే, పాస్‌వర్డ్ గుర్తున్నా 'మీ ఫోన్‌లో అవును నొక్కండి' అంటుంది. లేదా ఎస్ఎంఎస్ పంపుతానంటుంది.

ఆ ఎస్ఎంఎస్ దగ్గర ఇంకో చిక్కు. డూప్లికేట్ సిమ్ తీసుకున్నా, అది పనిచేయడం మొదలయ్యాక మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు. మన నంబరు మీద ఇంకెవడో సిమ్ తీసుకుని ఖాతా ఖాళీ చేయకుండా టెలికాం శాఖ పెట్టిన నిబంధన అది. ఉండాల్సిన నిబంధనే. కానీ బ్యాంకుకూ యూపీఐకీ వెంటనే లాగిన్ అవ్వాల్సిన ఆ ఒక్క రోజూ మీ ఓటీపీలన్నీ ఆగిపోతాయని ముందే తెలిసి ఉండాలి.

ఇప్పుడు కీపాస్ సంగతి చూడండి. ల్యాప్‌టాప్‌లో ఫైలు ఉంది. మాస్టర్ పాస్‌వర్డ్ కొడితే తెరుచుకుంటుంది. మీరెవరని అడిగే సర్వర్ లేదు, కోడ్ పంపేవాళ్లు లేరు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఓటీపీ యాప్‌లో పెట్టుకునే రహస్య కీలను కూడా అదే ఫైల్లో పెట్టుకుని ఉంటే, 30 సెకన్లకోసారి మారే ఆ ఆరంకెల కోడ్‌లు ల్యాప్‌టాప్ తెర మీదే కనబడతాయి. వాటితో జీమెయిల్ తెరుచుకుంటుంది, జీమెయిల్‌తో మిగతావి ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. ఫైలును యూఎస్‌బీ కేబుల్‌తో కొత్త ఫోన్‌కు పంపి, గూగుల్ ఖాతా లేకుండానే యాప్‌లు ఇచ్చే ఎఫ్-డ్రాయిడ్ నుంచి కీపాస్‌డీఎక్స్ దింపుకుంటే చాలు, గూగుల్ లాగిన్ ఇంకా అవ్వకముందే ఫోన్‌లోనూ పాస్‌వర్డ్‌లు ఉంటాయి.

పాస్‌వర్డ్‌నూ ఓటీపీ కీనీ ఒకే ఫైల్లో పెడితే రెండంచెలు ఒక అంచె అయిపోవా అనే అభ్యంతరం న్యాయమైనదే. అలా వద్దనుకునేవాళ్లు కోడ్‌ల కోసం రెండో కేడీబీఎక్స్ ఫైలు వేరే మాస్టర్ పాస్‌వర్డ్‌తో పెట్టుకోవచ్చు. ఓటీపీ కోడ్‌ల కోసం ఏజిస్ యాప్ వాడేవాళ్లు దాని ఎన్‌క్రిప్టెడ్ ఎగుమతి ఫైలును నెలకోసారి ల్యాప్‌టాప్‌లో వేసుకున్నా సరే.

ఒకటి మాత్రం చేయకండి. కీపాస్ ఫైలును గూగుల్ డ్రైవ్‌లో ఒక్కచోటే పెట్టి నిశ్చింతగా ఉండకండి. డ్రైవ్ తెరవాలంటే గూగుల్ లాగిన్ కావాలి, ఆ పాస్‌వర్డ్ ఫైల్లో ఉంటుంది. పైన చెప్పిన బిట్‌వార్డెన్ చిక్కే ఇదీను.

బీరువాలో ఒక కాగితం

బిట్‌వార్డెన్‌కున్న ఈ లోటును దాదాపు పూర్తిగా తీర్చే మందు ఒకటుంది, అదీ ఉచితమే. బ్రౌజర్‌లో వాల్ట్ తెరిచి, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ, అందులో రెండంచెల లాగిన్ పేజీకి వెళ్తే రికవరీ కోడ్ చూపిస్తుంది. 32 అక్షరాలుంటుంది. ఫోన్ పోయినప్పుడు ఈమెయిల్, మాస్టర్ పాస్‌వర్డ్, ఈ కోడ్ కలిపి ఇస్తే రెండంచెల లాగిన్ రద్దయి లోపలికి రానిస్తుంది. ఒకసారి వాడిన కోడ్ మళ్లీ పనికిరాదు, కొత్తది రాసుకోవాలి.

అదే కాగితం మీద గూగుల్ బ్యాకప్ కోడ్‌లు కూడా రాయండి. ఎనిమిదంకెలవి పది ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కొత్త పది తీసుకుంటే పాతవన్నీ చెల్లవు. పాత ప్రింట్ బీరువాలో ఉంది కదా అని ధీమాగా ఉండి, మధ్యలో కొత్తవి తీసుకున్న సంగతి మరిచిపోయేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. కాగితం మీద తేదీ వేసుకుంటే ఈ గందరగోళం ఉండదు. పర్సులో వద్దు, పర్సు కూడా ఫోన్‌తోపాటే పోతుంది. ఇంట్లో పాలసీ బాండ్లు పెట్టే ఫైల్లో ఒకటి, అక్కచెల్లెళ్ల ఇంట్లోనో అన్నదమ్ముల ఇంట్లోనో ఇంకొకటి ఉంచండి.

కీపాస్ అడిగే పని

నా మొగ్గు కీపాస్ వైపే. అయినా అది ఉచితంగా వచ్చినట్టే వచ్చి, బదులుగా కొంత పని అడుగుతుంది.

పెద్ద పని సింక్. ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఫైలు ఒకేలా ఉంచడానికి సింక్‌థింగ్ వాడతారు. ఆండ్రాయిడ్‌లో దాని అధికారిక యాప్ 2024 డిసెంబర్‌తో ఆగిపోయింది, ఇప్పుడు వాడుకలో ఉన్నది సింక్‌థింగ్-ఫోర్క్. బ్యాటరీ ఆదా పేరుతో చాలా ఫోన్‌లు వెనక నడిచే యాప్‌లను చంపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేయకపోతే 'సింక్ అవుతోంది' అనుకుంటూనే వారం పాత ఫైలు మోసుకు తిరుగుతారు.

ల్యాప్‌టాప్ కట్టేసి ఉన్నప్పుడు ఫోన్‌లో ఒక ఎంట్రీ మార్చి, ఫోన్ ఇంట్లో లేనప్పుడు ల్యాప్‌టాప్‌లో ఇంకోటి మార్చారనుకోండి. రెండూ కలిసినప్పుడు సింక్‌థింగ్ ఒక ఫైలును ఉంచి, రెండోదాన్ని 'సింక్-కాన్‌ఫ్లిక్ట్' అని తేదీతో పేరు తగిలించి పక్కన పెడుతుంది. అది చెత్త ఫైలనుకుని తీసేశారా, ఒక కొత్త పాస్‌వర్డ్ పోయినట్టే. కీపాస్‌ఎక్స్‌సీలో అసలు ఫైలు తెరిచి, డేటాబేస్ మెనూలో 'మెర్జ్' ఎంచుకుని ఆ కాన్‌ఫ్లిక్ట్ ఫైలు చూపిస్తే, ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో పోల్చుకుని రెండింటినీ కలిపేస్తుంది. ఆ తర్వాతే దాన్ని తీసేయాలి. కొత్త ఎంట్రీలు ల్యాప్‌టాప్‌లోనే చేర్చి, ఫోన్‌లో చూడటం మాత్రమే చేస్తే ఈ తంటా దాదాపు ఉండదు.

సింక్ బ్యాకప్ కాదు. ఒకచోట ఫైలు పాడైతే ఆ పాడైన ఫైలే అన్నిచోట్లకీ వెళ్తుంది. సింక్‌థింగ్‌లో ఫైల్ వెర్షనింగ్ పెట్టి కనీసం ఐదు పాత కాపీలు ఉంచుకోండి. కీపాస్‌ఎక్స్‌సీలో సేవ్ చేసేముందు బ్యాకప్ తీసే సెట్టింగ్ కూడా ఉంది. నెలకోసారి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ వేసుకోండి, ఫైలు మహా అయితే కొన్ని వందల కేబీలే.

మరో రెండు పొరపాట్లు తరచూ చూస్తుంటాం. ఒకటి, భద్రత పెరుగుతుందని ఆర్గాన్2 (మాస్టర్ పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేసే పద్ధతి) సెట్టింగ్‌లో మెమరీని 1 జీబీ దాకా పెంచడం. ల్యాప్‌టాప్‌లో చకచకా తెరుచుకుంటుంది కానీ పాత ఫోన్‌లో యాప్ మూతపడిపోతుంది. ఐఫోన్‌లో యాప్ తెరుచుకున్నా ఆటోఫిల్ మొరాయిస్తుంది, దానికిచ్చే మెమరీ అంత తక్కువ. 64 ఎంబీ దగ్గర ఉంచండి, చాలు. రెండు, కీ ఫైలు. మాస్టర్ పాస్‌వర్డ్‌కు తోడుగా ఒక ఫొటోనో పత్రాన్నో కీగా పెట్టుకుంటారు. ఆ ఫైల్లో ఒక్క బైటు మారినా వాల్ట్ తెరుచుకోదు. ఫోన్ పోయిన రోజు కావాల్సిన వస్తువు ఇంకొకటి పెరుగుతుంది తప్ప, మంచి మాస్టర్ పాస్‌వర్డ్ ఉన్నవాళ్లకు దాంతో ఒరిగేది తక్కువ.

మన దగ్గర కీపాస్‌కు ఒక ప్రత్యేకమైన ఉపయోగం ఉంది. పాస్‌వర్డ్ గడిలో పేస్ట్ చేయనివ్వని బ్యాంకు సైట్లు, ప్రభుత్వ పోర్టళ్లు ఇంకా ఉన్నాయి. 24 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు అక్కడ ఒక్కో అక్షరం చూసి కొట్టుకోవాల్సిందే. కీపాస్‌ఎక్స్‌సీలోని ఆటో-టైప్ అచ్చం కీబోర్డ్ మీద కొట్టినట్టే అక్షరాలు పంపుతుంది: సైట్‌లో గడి మీద క్లిక్ చేసి, కీపాస్‌లో ఎంట్రీ ఎంచుకుని, కంట్రోల్, షిఫ్ట్, వి నొక్కడమే. ఫోన్‌లో కీపాస్‌డీఎక్స్ వాళ్ల మ్యాజికీబోర్డ్ ఇదే పని చేస్తుంది. ఒక జాగ్రత్త: ఆటో-టైప్ సైట్ చిరునామా పరిశీలించదు. విండో పేరు చూసుకుంటుంది, లేదా ఎదుట ఏ విండో ఉంటే అందులో కొట్టేస్తుంది. నకిలీ సైట్‌ను పట్టేది బ్రౌజర్ ఎక్స్‌టెన్షనే, డొమైన్ సరిపోకపోతే అది పాస్‌వర్డ్ ఇవ్వదు. కాబట్టి రోజువారీకి ఎక్స్‌టెన్షన్, మొండి సైట్లకే ఆటో-టైప్.

బిట్‌వార్డెన్ ఎవరికి

ల్యాప్‌టాప్ లేకుండా ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు బిట్‌వార్డెనే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. కీపాస్ ఫైలు ఒకే ఫోన్‌లో ఉంటే ఫోన్‌తోపాటే పోతుంది. అమ్మానాన్నలకు పెట్టివ్వాలన్నా, భార్యాభర్తలు కరెంటు బిల్లు, గ్యాస్, వైఫై పాస్‌వర్డ్‌లు పంచుకోవాలన్నా కూడా అంతే. ఇద్దరు పంచుకోవడానికి ఉచిత ఖాతాలోనే వీలుంది. సింక్ గురించి ఆలోచించే పనే లేదు. నెట్ లేనప్పుడు చూడటం కుదురుతుంది, మార్చడం కుదరదు.

వాల్ట్ వేరేవాళ్ల సర్వర్‌లో ఉందంటే మాస్టర్ పాస్‌వర్డ్ మీద భారం పెరుగుతుంది. 2022లో లాస్ట్‌పాస్ అనే మరో పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి దొంగలు ఎత్తుకెళ్లింది ఎన్‌క్రిప్ట్ అయిన వాల్ట్‌ల కాపీలనే. ఆ తర్వాత దొంగకూ పాస్‌వర్డ్‌లకూ మధ్య మిగిలింది ఒక్కొక్కరి మాస్టర్ పాస్‌వర్డ్, దాన్ని ఎన్నిసార్లు తిప్పి కీ తయారుచేశారన్న లెక్కే. బిట్‌వార్డెన్‌లో ఈ లెక్క ఇప్పుడు మామూలుగా 6,00,000. పాత ఖాతాల్లో 1,00,000 దగ్గరే ఉండిపోయి ఉండొచ్చు. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో 'కీస్' కింద చూసి పెంచుకోండి, లేదా ఆర్గాన్2కు మారండి.

ఎగుమతి చేసేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. ఎన్‌క్రిప్టెడ్ జేసన్ ఫైలు రెండు రకాలుగా ఇస్తుంది. ఖాతాకు ముడిపెట్టినది ఆ ఖాతాలో తప్ప ఎక్కడా తెరుచుకోదు, ఖాతా పోతే ఆ బ్యాకప్ వట్టి ఫైలే. పాస్‌వర్డ్‌తో కాపాడేదాన్నే ఎంచుకోండి.

మాస్టర్ పాస్‌వర్డ్‌కు రెండింటిలోనూ ఒకటే సలహా: పాచికలు వేసి తీసిన ఆరు మాటలు. ఐదుసార్లు పాచిక వేస్తే 7,776 మాటల జాబితాలో ఒక మాట వస్తుంది, ఆరు మాటలకు దాదాపు 77 బిట్ల బలం. సామెతో పాట చరణమో పెట్టుకుంటే ఈ లెక్క చెల్లదు. తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోవాలనుకునేవాళ్లు ఒకటి గమనించండి. 'వాన'లో 'ఏ' ఒకటి రాశామా రెండు రాశామా, 'మడత'లో 'టి' తర్వాత 'హెచ్' ఉందా లేదా అని ఆర్నెల్ల తర్వాత తడబడతారు. పలక, గడప, కలప లాంటి మాటలైతే ఒక్కలాగే రాస్తాం.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తేలికే, కానీ అన్నీ ఒకే ఖాతాకు వేలాడతాయి, ఆ ఖాతా మూసుకుపోతే అన్నీ మూసుకుపోతాయి. ప్రోటాన్ పాస్ యాప్‌లు ఓపెన్ సోర్సే, బిట్‌వార్డెన్ గురించి చెప్పినవే దానికీ వర్తిస్తాయి. బిట్‌వార్డెన్ యాప్‌లతో పనిచేసే వాల్ట్‌వార్డెన్ సొంత సర్వర్ నడపగలిగినవాళ్లకే, హెచ్‌టీటీపీఎస్ లేకపోతే దాని వెబ్ వాల్ట్ పనిచేయదు. డైరీలో రాసుకోవడం ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడటం కన్నా నయం.

ఏది పెట్టుకున్నా ఒకసారి పరీక్షించండి. ఫోన్ స్విచాఫ్ చేసి పక్కన పెట్టండి. కీపాస్ అయితే ఇంట్లో ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ కాపీ తెరవండి. బిట్‌వార్డెన్ అయితే అదే ల్యాప్‌టాప్‌లో ప్రైవేట్ విండో తెరిచి, కాగితం చూసి లోపలికి వెళ్లండి. రికవరీ కోడ్ వాడితే రెండంచెల లాగిన్ మళ్లీ పెట్టుకుని, కొత్త కోడ్ రాసుకోండి. తర్వాత జీమెయిల్, ఆ తర్వాత బ్యాంకు. ఎక్కడ 'మీ ఫోన్ చూడండి' అని ఆగిపోయిందో, అక్కడికి కావాల్సిన కోడ్ ఆ కాగితం మీద ఇంకా ఎక్కలేదన్నమాట. ఫోన్ ఆన్ చేసి ముందు అది రాయండి.