నాలుగు కళ్లు, వేయి కళ్లు: టీడీకే టర్కిష్ నిఘంటువు రివ్యూ

బెంగళూరులో 11:30 అయితే ఇస్తాంబుల్‌లో 9. అక్కడి క్లయింట్లతో పనిచేసే మనవాళ్లకి మెయిళ్లలో ఎదురయ్యే మాట ఒకటుంది: 'దొర్త్ గొజ్లె'. ట్రాన్స్‌లేటర్ దాన్ని 'ఆత్రంగా' అని తేల్చేస్తుంది. తప్పు కాదు గానీ రుచి పోయింది. రుచి కావాలంటే టర్కిష్ భాషా సంస్థ, అంటే టీడీకే, ఆన్‌లైన్ నిఘంటువు తెరవండి. 1932లో టర్కీ తొలి అధ్యక్షుడు అతాతుర్క్ చొరవతో పుట్టిన సంస్థ ఇది. వాడకం ఉచితం.

'దొర్త్' నాలుగు, 'గొజ్' కన్ను, 'లె' అచ్చం మన 'తో'. మనం వేయి కళ్లతో ఎదురుచూస్తాం, వాళ్లు నాలుగు కళ్లతో. నాలుగే ఎందుకు? 'దొర్త్' ఉన్న జాతీయాలన్నీ కలిపి చదివితే తెలుస్తుంది: పనిని నాలుగు చేతులతో పట్టుకోవడం, అప్రమత్తంగా ఉండమనడానికి కన్ను నాలుగుగా తెరవమనడం. ఉన్న రెండూ చాలనప్పుడు రెట్టింపు చేసుకోవడమే. ఇలా ఒక మాట చుట్టాలన్నీ ఒకే చోట దొరకడం నాకు బాగా నచ్చింది.

వెతికేటప్పుడు పొరపాట్లు ఎక్కువ. 'దొర్త్', 'గొజ్'లలో ఉన్నది పైన రెండు చుక్కలున్న 'ఒ' (ö), టర్కిష్‌లో అది వేరే అక్షరం, కాబట్టి ఫోన్‌లో టర్కిష్ కీబోర్డు పెట్టుకోండి. పలికేటప్పుడు నాలుక 'ఎ'కి, పెదవులు 'ఒ'కి. ప్రత్యయం తీసేసి 'గొజ్' అని వెతకాలి. 'గొజ్లెమెక్' అనే క్రియ వేరే ఉంది, దానికి అర్థం కనిపెట్టి చూడటం. మెయిల్‌లో 'జెవాబినిజి' (మీ జవాబుని) అని ఉంటే మూలం 'జెవాప్', మన జవాబే! అచ్చు చేరగానే చివరి 'ప' 'బ' అవుతుంది. సంఖ్య తర్వాత బహువచనం రాదు కాబట్టి 'గొజ్లెర్లె' అని రాస్తే తప్పు.

లోటు ఒక్కటే: అర్థాలన్నీ టర్కిష్‌లోనే ఉంటాయి. కొత్తవాళ్లకి కష్టం, ఆరు నెలలు చదివినవాళ్లకి ఇదే మంచి సాధన. అరువు మాటకి అరబిక్, పార్సీ అని మూలం చెబుతుంది. మాట చరిత్ర లోతుగా కావాలంటే నిషాన్యాన్ నిఘంటువు పక్కన పెట్టుకోవాలి.

రేటింగ్ 5కి 4. ఇంకొక్క మాట: పరిచయమున్న క్లయింటుకి 'జెవాబినిజి దొర్త్ గొజ్లె బెక్లియొరుమ్' (మీ జవాబు కోసం నాలుగు కళ్లతో ఎదురుచూస్తున్నాను) బాగుంటుంది. పై అధికారికి రాసేటప్పుడు 'దొర్త్ గొజ్లె' తీసేయండి, 'మీ జవాబు కోసం చూస్తుంటాను' అన్నంత వరకు చాలు.