ఏడాది దాటాక వెనక్కి తీసుకున్న రెయిన్‌కోటు

నేను మెడికల్ రెప్‌ని. కూకట్‌పల్లిలో బయల్దేరి ఎర్రగడ్డ, పంజాగుట్ట, లక్డీకాపూల్ మీదుగా మలక్‌పేట దాకా బండి మీదే తిరుగుతుంటాను. వానాకాలంలో తడిసిన చొక్కాతో, నీళ్లు కారుతున్న బ్యాగుతో లోపలికి వెళ్తే డాక్టరుగారు ఏమీ అనరు. కానీ మన మాట వినకుండానే తల ఊపి పంపేస్తారు. అందుకని 2023 జూన్‌లో వానలు మొదలవగానే కాస్త ఎక్కువ డబ్బు పెట్టి మంచి రెయిన్‌సెట్ కొన్నాను, కోటూ ప్యాంటూ కలిపి. బండి సామాను, రైడింగ్ బట్టలు అమ్మే షాపు అది. ఊళ్లో వాళ్లకు ఒకటికి మించి బ్రాంచీలున్నాయి. పేరు రాయను. ఒక బ్రాంచిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది, ఇంకో బ్రాంచిలో జరిగింది తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది. ఒకే షాపు, ఒకే కోటు.

ఇదంతా రాస్తున్నది కూడా ఆ రెండో బ్రాంచి కౌంటర్‌లో ఉన్న అమ్మాయి చేసిన పని చెప్పడానికే. ఏడాది పైన వాడిన కోటును ఆమె చేతిలోకి తీసుకుని లోపలివైపు తిప్పి చూసింది. బట్టల షాపుల్లో వాపసుకు వెళ్లినవాళ్లకు తెలుస్తుంది, అది ఎంత అరుదో.

కోటు సంగతి ముందు. మొదటి వానాకాలంలో దానికి వంక పెట్టడానికి లేకపోయింది. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు బండ్లవాళ్లంతా మెట్రో స్టేషన్ కిందికి దూరేవాళ్లు. నేను మాత్రం వానలోనే నిలబడేవాణ్ని, లోపల చొక్కా పొడిగా ఉండేది. తోటి రెప్‌లకు చెప్పి కొందరి చేత అదే కొనిపించాను కూడా.

2024 జులైలో ఒక సాయంత్రం లక్డీకాపూల్‌లో క్లినిక్ బయట కోటు విప్పితే కుడి భుజం మీద చొక్కా అరచేయంత మేర తడిసి ఉంది. మెడ దగ్గర నుంచి దిగిందేమో అనుకున్నాను. ఇంటికొచ్చి తిరగేసి చూస్తే భుజం కుట్టు మీద ఉండే బూడిదరంగు టేపు జానెడు పొడవున లేచిపోయి, అంచులు చుట్టుకుపోయి ఉంది. దాని పక్కన గుడ్డకున్న పూతను వేలితో రుద్దితే తవుడులా రాలింది.

ఈ టేపు గురించి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. ట్యాగ్ మీద 5000 ఎంఎం అని గొప్పగా వేస్తారు. గుడ్డ మీద ఐదు మీటర్ల ఎత్తు నీళ్లు నిలబెట్టినంత ఒత్తిడి దాకా ఇవతలికి చుక్క దిగదని దాని అర్థం. ఆ అంకె గుడ్డది. కుట్టు పడిన ప్రతిచోటా సూది బెజ్జాలుంటాయి. వాటిని లోపలివైపు నుంచి వేడితో అతికించిన టేపు మూస్తుంది. టేపు ఊడిందంటే ఇక గుడ్డ ఎంత మంచిదైనా లాభం లేదు, భుజం మీద పడిన వాన నేరుగా చొక్కాకు చేరుతుంది.

ఇలాంటి బట్టలతో చిక్కేమిటంటే, లోపం బయటపడేసరికి కాలం దాటిపోతుంది. జూన్‌లో కొంటాం, అక్టోబరు దాకా వాడతాం, ఆపైన మళ్లీ జూన్ వచ్చేదాకా హ్యాంగర్‌కు వేలాడుతుంది. ఇంట్లో పట్టుచీరలదీ ఇదే కథ. శ్రావణంలో కొన్న చీర జరీ నల్లబడిందని తెలిసేది మాఘమాసం పెళ్లిళ్లకు మడత విప్పినప్పుడే. అప్పుడు షాపుకు తీసుకెళ్తే “ఇన్నాళ్లు ఏం చేశారమ్మా” అంటారు. ఏం చేస్తాం, బీరువాలో పెట్టుకుంటాం. పండక్కో పెళ్లికో కట్టే చీరకూ, నాలుగు నెలలు వాడే రెయిన్‌కోటుకూ, రోజూ వేసుకునే చొక్కాకూ వాపసుకు ఒకటే ముప్పై రోజుల గడువు పెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

నేను కొన్న బ్రాంచికే ముందు వెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు క్యారీబ్యాగ్‌లోంచి కోటు బయటికి కూడా తీయలేదు.

“సార్, ఏడాది వాడేసిన్రు కదా. ఎక్స్చేంజ్ ముప్పై రోజులే.”

“ఎక్స్చేంజ్ అడగట్లేదు తమ్ముడూ. తయారీ లోపానికి రెండేళ్ల వారంటీ అని మీ ట్యాగ్ మీదే ఉంది. టేపు ఊడింది.”

“బ్యాగు రాపిడికి పోయింటది సార్. గది వారంటీల రాదు.”

“బ్యాగు నేను ఎడమ భుజానికి వేసుకుంటాను. ఊడింది కుడి భుజం దగ్గర.”

దానికి జవాబు లేదు. బిల్లుందా అన్నాడు. తీసి ఇచ్చాను. థర్మల్ పేపరు బిల్లు, ఏడాది తిరిగేసరికి అక్షరాలన్నీ ఎగిరిపోయి తెల్లకాగితం అయింది. దాన్ని వెలుగుకు పెట్టి చూసి, “ఏం కనవడ్తలేదు సార్” అని తిరిగిచ్చేసి, తన వెనక గోడకున్న బోర్డు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. వాళ్ల మిషన్‌లోంచి వాళ్లే ఇచ్చిన కాగితం అది. దాని మీద అక్షరాలు నిలవకపోతే ఆ నష్టం కొన్నవాడిదట. నాకు నిజంగా ఒళ్లు మండింది.

ఆ రాత్రి కూర్చుని చట్టం ఏమంటుందో చూశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే ముప్పై రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి అని అందులో ఉంది. అంటే లోపమున్న సరుకు విషయంలో ఆ గోడ మీది బోర్డు చెల్లదు. ముప్పై రోజుల మాట చదివి మొదట నీరుగారిపోయాను గానీ, నా చేతిలో ట్యాగ్ ఉంది. బండి ఆర్సీ కాగితాల కవర్లోనే దాచాను. రెండేళ్ల వారంటీ అని వాళ్లే అచ్చు వేయించుకున్నారు, ఆ మాట నిలబెట్టుకోవాల్సింది వాళ్లే. కాదంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకు ఫీజు కూడా లేదు. అయితే మూడు వేల చిల్లర కోటు కోసం కమిషన్ దాకా వెళ్లే తీరిక నాలాంటి వాడికి ఎక్కడుంటుంది? ఫిర్యాదు పెట్టేముందు ఎల్బీనగర్ వైపున్న వాళ్ల ఇంకో బ్రాంచిలో కూడా అడిగి చూద్దామనుకున్నాను. ఎటూ నేను కలవాల్సిన డాక్టర్లు అటువైపే ఉన్నారు.

అక్కడ కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి విషయం చెప్పడం మొదలుపెట్టానో లేదో, “చూపించున్రి సార్” అని కోటు తీసుకుంది. బిల్లు అడగలేదు. గాజు కౌంటర్ మీద పరిచి, చేతులు రెండూ లోపలికి లాగి మొత్తం తిరగేసింది. బొటనవేలితో ఒక్కో కుట్టూ తడుముతూ వచ్చింది. మెడ, చంకలు, పక్కకుట్లు, ఆఖరికి భుజాలు. తర్వాత ఫోన్ టార్చి వెలిగించి కుడి భుజం కిందికి పెట్టింది. టేపు లేచినచోట సూది బెజ్జాలన్నీ వరసగా చుక్కలు చుక్కలుగా వెలిగాయి. అదే టార్చి ఎడమ భుజం కింద పెడితే ఒక్క చుక్కా లేదు.

“ఇస్త్రీ చేసిన్రా సార్?”

“లేదమ్మా.”

“మెషిన్ల ఏసిన్రా?”

“బకెట్లో చల్లనీళ్లతో కడిగి నీడన ఆరేస్తాను.”

“ఎండాకాలం ఏడ వెట్టిన్రు? బండి బాక్సులనా?”

“ఇంట్లోనే. హ్యాంగర్‌కు.”

ఆ బాక్సు ప్రశ్న చాలా సరైన ప్రశ్న. ఈ కోట్లకు లోపల వేసే పూత పాలియురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్. తేమా వేడీ కలిస్తే అది మెల్లగా విడిపోయి పొట్టులా రాలుతుంది. తడి కోటును మడిచి బండి బాక్సులో పెట్టి, మన మే నెల ఎండలో నిలబెడితే ఏ కంపెనీ పూతా ఆగదు. ఆమె ఆ సాకు చెప్పి నన్ను పంపేయొచ్చు, నేను ఇంట్లోనే పెట్టానని రుజువు చేయడం నా వల్ల కాదు. కానీ ఆమే అంది: “ఎండకు పోతే రెండు భుజాలు పోవాలె కదా సార్. ఒక్క దిక్కే పోయిందంటే ఆడ టేపు సరిగ్గ అంటుకోలే.”

మొదటి బ్రాంచిలో నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట అది. రెండు భుజాలూ ఒకే ఎండలో తిరిగాయి, ఒకే చెమట తాగాయి, ఒకే హ్యాంగర్‌కు వేలాడాయి. షాపు వైపున ఉన్న మనిషి నోటి నుంచి ఆ మాట వినేసరికి గొంతులో ఏదో అడ్డం పడినట్లయింది.

బిల్లు వెలిసిపోయిందని చెప్పాను. “టెన్షన్ పడకున్రి సార్, నంబర్ మీద చూస్త” అని నా ఫోన్ నంబర్ కొట్టింది. కొన్న తేదీ, బ్రాంచి, ధర అన్నీ వచ్చాయి. అంటే మొదటి బ్రాంచిలోనూ ఇదే సిస్టమ్ ఉంది, నంబర్ అడిగే ఓపికే లేకపోయింది. నేను ఫోన్‌లో యూపీఐ చెల్లింపు కూడా చూపించాను, తేదీ సరిపోయింది. టార్చి వెలుగులో తీసిన ఫొటోలు మేనేజరుకు పంపి, ఆయనతో ఫోన్‌లో కాసేపు మాట్లాడింది. అవతల ఆయన ఏమంటున్నాడో వినపడలేదు గానీ ఈమె మాత్రం “సార్, మంచిగ వాడిన్రు, నేను చూసిన” అని రెండుసార్లు అంది. కోటు వెనక్కి తీసుకున్నారు.

ఇక చెప్పాల్సిన మిగతా సంగతులు. డబ్బు చేతికి రాలేదు. అదే మోడల్ స్టాకులో లేదు కాబట్టి, పాత బిల్లులో కోటుకు పడిన ధరను కొత్త కోటులో తగ్గించారు. కొత్తదాని రేటు ఎక్కువ, పై తేడా నేనే కట్టాను. ప్యాంటు బాగానే ఉంది కాబట్టి దాన్ని తీసుకోలేదు, అది న్యాయమే. పాతది పసుపు రంగు, రాత్రి లారీవాళ్లకు దూరం నుంచే కనపడేది. ఇప్పుడు నా సైజులో దొరికింది ముదురు బూడిద రంగు, వీపు మీద మెరిసే పట్టీ ఒకటే ఉంది. వారంటీ కూడా కొత్తగా మొదలవలేదు, పాత బిల్లు తేదీ నుంచే లెక్క. అంటే 2025 జూన్‌తో సరి, ఇంకో వానాకాలం మొదలయ్యేసరికి దాని గడువు తీరిపోయింది.

కోటును కూడా మొదట్లో కాస్త ఎక్కువే పొగిడాను. చొక్కా పొడిగా ఉండేదన్నది మామూలు వానల మాట. గంటసేపు కుండపోతలో నడిపితే జిప్పు పైన మెడ దగ్గర నుంచి నీళ్లు దిగేవి. ఆగస్టు ఉక్కలో వాన లేకపోయినా చెమటకే వీపు తడిసేది. కొత్తదీ అంతే. నేను చెప్పి కొనిపించిన రెప్‌లలో ఒకతనిది ఇంకా చెక్కుచెదరలేదు. ఇంకొకతనిది చంక దగ్గర టేపు లేచింది. అతను తడి కోటును బాక్సులోనే పెట్టేవాడు కాబట్టి దాన్ని షాపు మీద వేయలేను.

కొనమంటానా? రోజంతా బండి మీద తిరిగేవాళ్లయితే, ట్యాగ్ మీద తయారీ లోపానికి వారంటీ రాతపూర్వకంగా ఉంటే, కొనండి. ట్యాగ్ పారేయకండి, ఇంటికి రాగానే బిల్లుకు ఫొటో తీసి పెట్టుకోండి, ఫోన్ నంబర్ చెప్పే కొనండి. మేలో ఒకసారి కోటు తిరగేసి చీకట్లో టార్చి పెట్టి చూసుకోండి, చుక్కలు కనిపిస్తే వానలు రాకముందే షాపుకు వెళ్లొచ్చు. మెట్రోలో ఆఫీసుకు వెళ్లి స్టేషన్ నుంచి కాస్త దూరం నడిచేవాళ్లకు ఇంత ఖర్చు అనవసరం. రోడ్డు పక్కన అమ్మే పీవీసీ సెట్టు ఒక సీజన్‌కు సరిపోతుంది, పోయినా బాధ ఉండదు.

మీకూ నాకు జరిగినట్లే జరుగుతుందని మాత్రం హామీ ఇవ్వలేను. ఈ మధ్య అటువైపు వెళ్లినప్పుడు ఆ కౌంటర్‌లో వేరే అబ్బాయి ఉన్నాడు, ఆమె ఇంకో బ్రాంచికి మారిందన్నాడు. కొన్నచోట కాదంటే అక్కడితో ఊరుకోకుండా ఇంకో బ్రాంచిలో కూడా అడగండి. కోటును కౌంటర్ మీద మీరే తిరగేసి పెట్టండి.