పాత సర్వే పటాల ప్రింటు: విజయనగరం షాపులో ఏది బాగుంది, ఏది చూసుకోవాలి

విజయనగరం గంటస్తంభం దగ్గర పెద్ద ప్లాటరు (వెడల్పు కాగితాల మీద ప్రింటు తీసే మిషను) ఉన్న ప్రింటు షాపు ఒకటుంది. ఎక్కువగా ఇళ్ళ ప్లాన్లు, లేఅవుట్లే తీస్తారు. అడిగితే పాత సర్వే పటాలు కూడా స్కాన్ చేసి, ప్రింటు తీసి, గుడ్డకు అతికించి ఇస్తారు. గోడకు తగిలించుకునే వాళ్ళకి ఏ షాపైనా ఒకటే. ఏరు ఎంత జరిగింది, పాత రేవు ఎక్కడుండేది అని పటం మీద కొలిచి చూసేవాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

ముందు కాగితం సైజు. 1:50,000 టోపో షీటు (సర్వే ఆఫ్ ఇండియా వేసే నేల వివరాల పటం) పావు డిగ్రీకి పావు డిగ్రీ మేర చూపిస్తుంది. శ్రీకాకుళం అక్షాంశం దగ్గర గీతల లోపల నిలువు 55.3 సెంటీమీటర్లు, అడ్డం 52.9 రావాలి. ఏ2 చాలదు, ఏ1 అడగాలి. మైలుకి అంగుళం లెక్కన వేసిన పాత షీటు 43.7, 41.7. ఏ2లో సరిపోయేలా ఉంటుంది గానీ అంచుల్లో రాసిన వివరాలు తెగిపోతాయి, అదీ ఏ1 మీదే తీయించాలి. ప్రింటు ఇచ్చేటప్పుడు 'యాక్చువల్ సైజ్' అని గట్టిగా చెప్పండి. 'ఫిట్ టు పేజ్' పెడితే పటం నూటికి రెండు మూడు వంతులు కుంచించుకుపోతుంది, కంటికి మాత్రం తెలియదు. కౌంటరు దగ్గరే స్టీలు స్కేలు పెట్టి చూడండి: 1:50,000లో 10 కిలోమీటర్లు సరిగ్గా 20 సెంటీమీటర్లు ఉండాలి. ప్రింటు నాణ్యతకి మాత్రం వంక పెట్టలేం. సన్నటి కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపేవి) కూడా విడివిడిగా పడతాయి.

స్కానింగే బలహీనం. కాగితాన్ని రోలర్లు లాక్కునే మిషను అది. పెళుసెక్కిన పాత షీటు ఇవ్వొద్దు, మడతల దగ్గర చిరుగుతుంది. చిరక్కపోయినా రోలరు జారితే పటం ఒకవైపే సాగుతుంది. పైన చెప్పిన నిలువు, అడ్డం కొలతలు రెండూ చూస్తే అది బయటపడుతుంది. వీలైతే ఫైలే పట్టుకెళ్ళండి. అమెరికా సైన్యం 1950ల్లో వేసిన 1:2,50,000 పటాలు (యూ502 సిరీస్) టెక్సస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం సైట్లో ఉచితంగా దొరుకుతాయి.

గుడ్డ అతికించడం చేయి తిరిగిన పని, బుడగ ఒక్కటీ ఉండదు. కానీ వాడేది మైదా లై. తడికి కాగితం సాగుతుంది, అదీ ఒకవైపు ఎక్కువ. ఒక్క శాతం సాగినా షీటు నిలువులో అయిదున్నర మిల్లీమీటర్లు, అంటే నేల మీద 275 మీటర్లు. 1862-63లో సర్వే లెక్కలకి ఆధారమైన గీతగా విశాఖపట్నం బేస్‌లైన్ కొలిచినప్పుడు సర్వే వాళ్ళు కోల్బీ బార్లు వాడారు. ఎండకి లోహం సాగితే కొలత చెడకుండా ఇనుము, ఇత్తడి కడ్డీలు జంటగా బిగించినవి అవి. అంత జాగ్రత్తతో మొదలైన కొలతని లై తడిలో పోగొట్టుకోవడం బాధే. కొలవడానికి అతికించని ప్రింటు ఒకటి విడిగా ఉంచుకోండి. లైలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. కొత్త ప్రింటుకి పరవాలేదు. అసలు పాత షీటుకైతే వద్దనండి, కాలం గడిస్తే కాగితాన్ని తినేస్తుంది.

షీట్లు కలపడం ఇక్కడ అందరికీ అవసరమే. వంశధార వెంట ముఖలింగం నుంచి శాలిహుండం మీదుగా కళింగపట్నం దాకా ఒకే పటం కావాలంటే 65 ఎన్/14, 65 ఎన్/15, 74 బి/2, 74 బి/3 నంబర్ల షీట్లు నాలుగూ ఉండాలి. ఇవి కలిసే మూల 84° రేఖాంశం మీద పడుతుంది. భూమిని నిలువు పట్టీలుగా (జోన్లుగా) విడదీసి ఒక్కోదానికి వేరే గళ్ళు గీసే యూటీఎం పద్ధతిలో 44, 45 జోన్లు విడిపోయేదీ అక్కడే. సర్వే ఆఫ్ ఇండియా అందరికీ ఇచ్చే కొత్త ఓపెన్ సిరీస్ షీట్లలో ఈ గీతకి అటూ ఇటూ ఉన్న గళ్ళు దాదాపు రెండు డిగ్రీలు ఏటవాలుగా కలుస్తాయి. షాపులో గళ్ళకి గళ్ళు సరిపెడతారు, పటం వంకరపోతుంది. అక్షాంశ రేఖాంశాల మూలలు కలపమని కాగితం మీద రాసివ్వండి, అప్పుడు సరిగ్గానే చేస్తారు.

19వ శతాబ్దపు షీటుని కొత్తదాని పక్కన పెట్టే ముందు అంచున రేఖాంశం గురించి ఏం రాసుందో చదవండి. మద్రాసు అబ్జర్వేటరీ (ఖగోళ పరిశీలనశాల) రేఖాంశానికి పాత విలువ తీసుకుని వేసిన పటాల్లో రేఖాంశం దాదాపు రెండున్నర నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) ఎక్కువ చూపిస్తుంది. మన దగ్గర అది 4 కిలోమీటర్ల పైమాటే. ఆ దిద్దుబాటు షాపు వాళ్ళ పని కాదు, ఫైలు ఇచ్చేలోపు మనమే చేసుకోవాలి.