ఆమ్‌స్టర్‌డామ్‌లో బంగారం తూచే పెద్దమనిషి

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళిన మనవాళ్ళు చాలామంది రైక్స్‌మ్యూజియంలో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన పెద్ద పెయింటింగ్ నైట్ వాచ్ ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తారు. ఆ జనంలో తలలే తప్ప బొమ్మ కనపడదు. నన్నడిగితే రెంబ్రాంట్ కాపురమున్న ఇంటికి, ఇప్పుడది మ్యూజియం, ఒక పూట కేటాయించండి, ముఖ్యంగా ఆయన రాగి రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మల కోసం.

నేను వెళ్ళినప్పుడు 1639 నాటి యాన్ అయిటెన్‌బోగార్ట్ బొమ్మ పెట్టి ఉంది. ఈయన అక్కడి పన్నుల అధికారి. బొమ్మ ఎత్తు పాతిక సెంటీమీటర్లే, అందులోనే బొచ్చు అంచు కోటు, లెక్కల పుస్తకం, చేతిలో కలం, బల్ల మీద త్రాసు, డబ్బు సంచులు, కింద పీపాలు, పెద్ద పెట్టె, గోడకి బైబిల్ కథ పెయింటింగ్, అన్నీ ఇరికించేశాడు. కోటు కూడా అప్పటి ఫ్యాషన్ కాదు, అంతకు ముందు శతాబ్దపు వేషం, పాత పరువు కనపడాలని కాబోలు. సొమ్ము సంగతి అలా ఉంచితే, సంచి అందుకునే కుర్రాడు మోకాళ్ళ మీద ఉన్నాడు, వెనక గుమ్మం దగ్గర ఇంకొందరు నిలబడి ఉన్నారు, ఈయన మాత్రం కుర్చీలోంచి కదలడు. అచ్చం మన తాలూకా ఆఫీసే! నాకైతే హోదా అంతా అక్కడే కనిపించింది.

అదే ఏడాది రెంబ్రాంట్ ఈ ఇల్లు 13,000 గిల్డర్లకి (అప్పటి డచ్ డబ్బు) కొన్నాడు, చాలావరకు అప్పే. అప్పటి డచ్ పాలకుడు (స్టాట్‌హౌడర్) ఫ్రెడరిక్ హెండ్రిక్ దగ్గర్నుంచి రావాల్సిన చిత్రాల డబ్బు విషయంలో సాయపడింది ఈ అయిటెన్‌బోగార్టే. చివరికి 1656లో రెంబ్రాంట్ దివాలా తీస్తే సామానంతా జాబితా రాశారు, ఇప్పుడు గదులు సర్దింది ఆ జాబితా చూసే.

అచ్చు ఎలా తీస్తారో చేసి చూపిస్తారు, అది వదులుకోకండి. ఆడియో గైడ్ టికెట్‌లోనే వస్తుంది. మెట్లు ఇరుకు, నిటారు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో అయితే ఆలోచించుకోండి. కాగితం వెలుతురుకి పాడవుతుందని బొమ్మల్ని మారుస్తుంటారు, అందుకని ఏవి పెట్టారో ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి. మెట్రోలో వాటర్‌లూప్లైన్‌లో దిగితే నడిచే దూరమే.

బస మాత్రం నచ్చలేదు. కాలువ పక్క పాత ఇల్లు, ఫోటోల్లో బ్రహ్మాండం, లిఫ్ట్ లేదు, సూట్‌కేసులు మేమే మోసుకున్నాం. గది అద్దె మీద 12.5 శాతం టూరిస్టు పన్ను కూడా ఉంటుంది, బుకింగ్ ధరలో అది కలిసిందో లేదో చూసుకుని మరీ డబ్బు కట్టండి.